కింది నుంచి కోసిన వాక్యం

అవనిగడ్డలో అర్జీలు, దరఖాస్తులు నింపిపెట్టే ఒకావిడ నన్ను బాబాయిగారూ అని పిలిచేది. చుట్టరికమేమీ లేదు. బందరులో మా పత్రికాఫీసు వాళ్లు పక్కన పడేసిన కంప్యూటర్‌ను నేనే బాగు చేయించి, అందులో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి ఆవిడ గదిలో పెట్టాను. లినక్స్ కొననక్కర్లేదు, పాత యంత్రాల మీద కూడా చక్కగా నడుస్తుంది. ఆ మెషీన్‌తోనే ఆవిడ కొన్నేళ్లు ఇల్లు నడిపింది.

గుడివాడ దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ కంప్యూటర్లు మారుస్తూ, వాడినవి చవగ్గా అమ్ముతుంటే, ఒకటి తీసుకోనా అని ఫోన్ చేసింది.

"ఎందుకమ్మా, దీనికేం? మనం పాతబడాలి గానీ ఇది పాతబడదు" అన్నాను. నవ్వింది. తీసుకోలేదు.

కొన్నాళ్లకు నా టేబుల్ మీదికి ఒక వార్త వచ్చింది. లినక్స్ రకాలు ఒక్కొక్కటే ముప్పై రెండు బిట్ల ప్రాసెసర్లున్న పాత కంప్యూటర్లను వదిలేస్తున్నాయని, వాటికి ఇక కొత్త వెర్షన్లు రావని. తెలుగు చేసి సింగిల్ కాలమ్‌లో పెడితే నాలుగు లైన్లు ఎక్కువైంది. వార్త పెరిగితే మేం కింది నుంచి కోస్తాం. అడుగున ఉన్నది, మీ కంప్యూటర్ ఆ కోవలోదో కాదో ఎలా చూసుకోవాలో చెప్పే వాక్యం. కోసేశాను. అవనిగడ్డ గుర్తు రాలేదని రాసుకోవాలని ఉంది. వచ్చింది. ఫోన్‌లో చెబుదాంలే అనుకున్నాను.

చెప్పలేదు. పోయిన వానాకాలం ఆవిడే ఫోన్ చేసింది. "బాబాయిగారూ, సైట్ తెరుచుకోవట్లేదండీ. మునిగిన పంటకు పరిహారం దరఖాస్తులకు రేపే ఆఖరు."

పొద్దున్నే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కాను. వెళ్లేసరికి బెంచీ మీద నలుగురు రైతులు.

"ఏంటక్కా, నీ పెట్టె ఇంకా నిద్ర లేవలేదా? మా చేలో నీళ్లు కూడా ఇంకిపోయేట్టున్నాయి" అన్నాడొకాయన.

"డాక్టరుగారొచ్చారుగా, ఉండు తమ్ముడూ."

కొత్త వెర్షన్ ఆ మెషీన్‌కి ఎక్కలేదు. పాత దాంట్లోని బ్రౌజర్‌ని సైటు రానివ్వలేదు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే లేచి ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ షాపుకి వెళ్లారు. జోకులేసినాయన ఆఖర్న కాగితాలు తీసుకుని, "ఏమనుకోకక్కా" అన్నాడు.

"ఏమైందండీ దీనికి?" అని అడిగింది ఆవిడ.

"ఇలాంటి పాతవాటిని వదిలేశారమ్మా."

"అదా! మన పేపర్లో పడిందిగా, చదివానండీ. మనది కాదులే అనుకున్నా. మనదైతే మీరు చెప్పేవారు కదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. పైగా బందరు నుంచి రప్పించి శ్రమ ఇచ్చానని నొచ్చుకుంది.

నెల తర్వాత వెళ్లాను. ఎదురు షాపులో పనికి కుదిరింది. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసి, షాపాయనతో చెప్పింది: "మా బాబాయిగారండీ. నాకు కంప్యూటర్ ఇచ్చింది ఈయనే."

ఆయన నాకు నమస్కారం పెట్టాడు. కోసేసిన వాక్యం సంగతి ఆ రోజు కూడా చెప్పలేదు.