గట్టిగా నొక్కని కార్డు

కంప్యూటర్లు బాగుచేసే మరిది, వదినగారి కంప్యూటర్లో మెమరీ పెంచడానికి ఇంకో ర్యామ్ కార్డు పెట్టాడు. తెర మీద మాత్రం పాత మెమరీయే కనిపించింది. అంతే, వెనకాముందూ చూడకుండా కార్డు అమ్మిన వీధి చివరి కొట్టు ముసలాయనకు ఫోన్ చేసి, ఇల్లంతా వినేలా "దొంగ సరుకు అంటగడతావా!" అని కడిగేశాడు.

"కాస్త గట్టిగా నొక్కి చూడవయ్యా. పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు పెట్టావు," అంది వదిన.

ఒకసారి ఎవరిదో బోర్డు విరగ్గొట్టిన దగ్గర్నుంచి అతని చేతికి భయమెక్కువ. ఆ భయమేదో నోటికుంటే బాగుండేది. కరెంటు తీసి నొక్కాడు. కార్డు టక్కుమని కూర్చుంది. ఈసారి మెమరీ మొత్తం కనిపించింది.

వదిన ముఖం చూడలేక, క్షమించమందామని ముసలాయనకు ఫోన్ చేశాడు.

"తప్పు నాదే బాబూ," అన్నాడు ఆయనే ముందు, ఆయాసపడుతూ. "వేరే కార్డు తెచ్చా. మీ మెట్లెక్కుతున్నా."

తలుపు తీయడానికి వదినే లేచింది. మరిది లేవలేకపోయాడు.