నాయన చేతికట్టె

నిన్న తొలకరి వాన పడింది. మా వజ్రకరూరు వైపు వాన వెలిస్తే చాలు, మరునాడు జనం చేలల్లో వజ్రాలు వెతకడానికి బయలుదేరుతారు. మా నాయన, ఆయన స్నేహితుడు ఓబులేసు చిన్నాయన ముప్పై ఏళ్లు అలాగే తిరిగారు. ఒక్క వజ్రమూ దొరకలేదు. నాయన పోయి ఇంకా ఏడాది నిండలేదు.

ఈ రోజు పొద్దున్నే చిన్నాయన వచ్చి, "మీ నాయన చేతికట్టె ఇయ్యమ్మా, తోడు తీసకపోతా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు తిరిగి ఏం తెచ్చినారని మళ్లా పోతాండావు?"

ఆయన నవ్వాడు. "వజ్రం కోసరమనే ఊరు దాటుతాంటిమి. చేన్లోకి దిగినాక దాని మాటే మరిసిపోతాంటిమి. మీ నాయన పాట ఎత్తుకుంటాండె, నేను రెండు రాళ్లతో తాళమేస్తాంటి."

"నాయన పాడతాండెనా?"

"నీకు తెల్దామ్మా?"

తెలియదు. సాయంత్రం నాయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే "దొరికిందా?" అని అడిగేదాన్ని. "లేదమ్మా" అని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అంతటితో మా మాటలు అయిపోయేవి.

ఇందాక చిన్నాయన, పొద్దున నేనిచ్చిన కట్టె తిరిగివ్వడానికి వచ్చాడు. నోటిదాకా వచ్చిన పాత మాట మింగేసి, "ఈ పొద్దు ఏం పాట పాడినావు?" అని అడిగాను.

"పాడేటోడు యాడుండాడమ్మా? ఈ పొద్దు ఉత్త రాళ్లే వెతికినా" అన్నాడు.

ముప్పై ఏళ్లు నాకు అడగడమే చేతకాలేదు. మీ ఇంట్లో వాళ్లు సాయంత్రం గడప తొక్కగానే మీరు మొదట ఏమడుగుతారు?