ఈత మాస్టారి పలక మీద రెండో వాక్యం

ఊళ్లో సగంమందికి నీళ్లంటే భయం పోగొట్టింది ఈత మాస్టారే. గట్టు మీద నిలబడి దూకమని గద్దించే రకం కాదు. ముందు తనే మెడలోతు నీళ్లలోకి దిగి, "రా రా, నిన్ను మింగే చేపలేం లేవిక్కడ, ఉన్నది నేనొక్కణ్ణే" అని చేతులు చాపేవాడు. ఒక్క విషయంలో మాత్రం చాదస్తం. పది నిమిషాలకోసారి ఈల ఊది, పిల్లల్ని జతలుగా నిలబెట్టి తలలు లెక్కపెట్టేవాడు. "మాస్టారు పెళ్లికెళ్లినా తలలే లెక్కపెడతారురా" అని పిల్లలు నవ్వుకునేవాళ్లు.

యాభై ఆరేళ్లకే, ఒక పొద్దున బట్టలు మార్చుకునే గదిలో, బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఊరు ఊరంతా కదిలొచ్చింది.

మూడో నెలలో మాస్టారి భార్య దగ్గరికి ఆమె మరిది ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఈతకొలను గోడకి పెట్టబోయే రాతిపలక మీద మాటలవి. ఆమెది ఐదో తరగతితో ఆగిన చదువు. వేలు పెట్టుకుని కూడబలుక్కుంది. మొదటి వాక్యంలో పేరూ, పుట్టిన, పోయిన ఏళ్లూ. రెండోది: 'ఇరవై తొమ్మిదేళ్ల సేవలో ఒక్క ప్రాణాన్నీ నీటికి వదలలేదు.' వేలు అక్కడే నిలిచిపోయింది.

"ఇది తీసేయించు బాబూ."

"అసలు మాటే అది కదా వదినా! రిజిస్టరు తిరగేసి మరీ రాయించాను."

రిజిస్టరులో లేకపోవడం నిజమే. మాస్టారు ఉద్యోగంలో చేరిన ఆరో ఏట, తొమ్మిదేళ్ల పిల్ల లోతు వైపు మునిగింది. పైకి తీసేటప్పటికి ఊపిరుంది. రెండ్రోజుల తర్వాత ఆసుపత్రిలో పోయింది. కొలనులో పోలేదు గనక 'అస్వస్థత' అని రాసి పుస్తకం మూసేశారు. నోరెత్తొద్దన్నాడు పై అధికారి. మాస్టారు ఎత్తలేదు. ఆ వారమే ఈల కొనుక్కొచ్చాడు.

"ఎప్పటి గోతులో ఇప్పుడు తవ్వుతావేంటి? అన్నయ్య పేరుకి నువ్వే మసి పూస్తావా?"

"ఆ పిల్ల తల్లి రోజూ ఆ గోడ పక్కనుంచే నడుస్తుందయ్యా. ఏమని చదువుకుంటుంది?"

మరిది విసురుగా లేచి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల తల్లి బజారులో బట్టలు కుడుతుంది. అందరూ మిషనమ్మ అంటారు. మర్నాడు మాస్టారి భార్య ఆ కొట్టు గుమ్మంలో నిలబడితే, మిషనమ్మ మిషను ఆపకుండానే, "కొలతలా?" అంది.

"కాదక్కా. నేను ఈత మాస్టారి..."

మిషను ఆగింది.

"తెలుసు. మీ ఆయన మూడుసార్లు ఈ మెట్టుదాకా వచ్చాడు. అద్దంలో చూశాను. ఒక్కసారి లోపలికొస్తే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి అయ్యేది. ఇప్పుడు మీరొచ్చారు. ఏం, ఫరవాలేదులే అనాలా?"

"అనొద్దు. నిజం చెప్పిపోదామని వచ్చాను." మాస్టారి భార్య ఒక అడుగు లోపలికి వేసింది. "ఆరోజు ఆయన లోతు వైపుకి వీపు పెట్టి ఉన్నాడు. ఇంకో పిల్లాడికి చేతులాడించడం నేర్పుతున్నాడు. మునగడం చూళ్లేదు."

మిషనమ్మ చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇరవై మూడేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట ఒక్కటే బయటికొచ్చింది.

"ఎంతసేపు?"

"తెలీదు. ఆయనకీ తెలీదు. ఆ ప్రశ్నతోనే లోలోపల కుమిలిపోయాడు."

మిషనమ్మ గోడవైపు తిరిగింది. భుజాలు కదిలాయి. మాస్టారి భార్య దగ్గరికెళ్లబోతే, "వెళ్లండి" అంది. కోపమో మరొకటో తెలియని గొంతు.

అక్కణ్ణుంచి మాస్టారి భార్య తిన్నగా పలక చెక్కే చోటికి వెళ్లింది. మొదటి వాక్యం అప్పుడే పూర్తయింది. "రెండోది వద్దు" అంది.

"మరీ బోసిగా ఉంటుందమ్మా" అన్నాడు చెక్కేవాడు.

"ఉండనీ."

కబురు తెలిసి మరిది ఊగిపోయాడు. "ఇంత రాయికి ఒకే ముక్కా? అడిగినవాళ్లకి ఏం చెప్పమంటావు?"

"నా దగ్గరికి పంపించు."

పలక పెట్టిన రోజు అతను రాలేదు. మిషనమ్మా రాలేదు. నాలుగో నాడు, చిన్నప్పుడు మాస్టారి దగ్గర ఈత నేర్చుకున్న ఒక పిల్ల, ఇప్పుడు తన కొడుకుని చంకనేసుకుని మాస్టారి ఇంటికి వచ్చింది.

"ఏంటి పిన్నీ, మా మాస్టారి గురించి ఒక్క మంచి మాటైనా రాయించలేదు?"

మాస్టారి భార్య కుర్చీ లాగి వేసింది. "పిల్లాణ్ణి దించి కూర్చో తల్లీ. చెప్పాల్సిన మాట కాస్త పెద్దది."