రుమాలు విప్పిన ఎర్మెలిందా

కాలిఫోర్నియా స్ట్రాబెరీ తోటల్లో ఎర్మెలిందా ఇరవై ఏళ్లు ముఖానికి రుమాలు చుట్టుకునే పళ్లు కోసింది. ఎండకూ పురుగుమందులకూ అది అడ్డు. ఆ దేశంలో ఉండటానికి కాగితాల్లేని మనిషికి అదే ధైర్యం కూడా.

వలస చట్టం మారుస్తానని ఓట్లడిగే నాయకుడొకడు ఫొటోకని తోటకొచ్చాడు.

"రుమాలు తియ్యమ్మా. మీరూ మనుషులేనని జనానికి తెలియాలిగా."

"మాకు తెలుసులే అయ్యా," అని గొణుగుతూనే తీసింది.

వారం తిరక్కుండా ఆ ఫొటో ఊరంతా వెలిసింది. దాని కింద ఆయన 'వీళ్లు మనవాళ్లు' అని వేయించాడు. ఎదుటి పార్టీవాడు అదే ఫొటో కింద 'వీళ్లను తరిమేద్దాం' అని వేయించాడు.

"రేపట్నుంచి రాకక్కా. నీ మొహం ఊరందరికీ తెలిసిపోయింది," అన్నాడు మేస్త్రీ.

నాయకుడు గెలిచాడు. చట్టం మారలేదు. ఆమె ఫొటో మాత్రం ఆయన ఆఫీసు గోడకెక్కింది. ఆ గోడ కింద నేల తుడిచే పనైనా ఇప్పించమని వెళితే, ఎర్మెలిందాను కాగితాలు చూపించమన్నారు.