గుంటలో మనిషి

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాట. "మెషీన్ అబద్ధం చెప్పదక్కా" అన్నాను.

అల్లూరు దగ్గర ఒక రొయ్యల గుంటకు ప్రోగ్రాం రాసిచ్చాను. నీళ్లలోకి దిగేవాళ్లు గట్టు మీది మీటను సున్నాకు తిప్పితే, షాక్ కొట్టకుండా, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. ఇంట్లోవాళ్ల ఫోన్లో "గుంటలో మనిషి ఉన్నాడు" అని వస్తుంది. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గుంట యజమాని భార్య ఫోన్ చేసింది.

"తమ్ముడూ, గుంటలో మనిషున్నాడంటోంది. గట్టు మీద ఎవురూ లేరు. మీ అన్న పొద్దున పోయినోడు ఫోన్ ఎత్తడంలా."

అప్పుడన్నాను ఆ మాట. ఆమె ఫోన్ పెట్టేసింది.

బండేసుకుని పరుగున వెళ్లాను. ఎప్పుడూ ఏరియేటర్ల హోరుండే గట్ల మీద చప్పుడు లేదు. కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలదు. గాలాడక రొయ్యలు నీటి పైకి తేలి అంచులకు చేరుతున్నాయి. గుంట నడుమ ఛాతీ లోతు నీళ్లలో ఆమె, భర్త కోసం పాదాలతో అడుగంతా తడుముతోంది. నా ఫోన్ చూశాను. గుంటలో మనిషి ఉన్నాడు. ఇప్పుడది నిజమే.

మీటను ఎవరూ సున్నాకు తిప్పలేదు, ఒకటి మీదే ఉంది. దాని వైరు ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగింది. మీట నుంచి ప్రోగ్రాంకు ఏ అంకే రావడం లేదు. ప్రోగ్రాంలో వచ్చిన అంకెను సున్నాతో రెండు సమాన గుర్తులు పెట్టి పోల్చాను. అలా పోలిస్తే ఆ భాష ఖాళీని కూడా సున్నా అనుకుంటుంది. మూడు పెట్టి ఉంటే రెండూ వేరనేది. ఆ సంగతి నాకు తెలుసు. బద్ధకించాను.

"పైకి రా అక్కా, లోపల ఎవరూ లేరు. తప్పు నాది."

"అబద్ధం చెప్పదంటివే!"

ఇంకో అడుగు లోపలికే వేసింది. గాలి లేక రొయ్యలు చస్తాయని తెలిసినా, ఆమె నీళ్లలో ఉండగా ఏరియేటర్లు ఎలా వేయను?

వెనక మేత బస్తా దబ్బున పడింది.

"ఏందే, ఈత నేర్చుకుంటుండావా?" అన్నాడు ఆమె భర్త. ఆయన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందట.

ఆమె పైకొచ్చి, తడిచేత్తో ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, అక్కడే కూలబడి ఏడ్చింది.

నేను మీటతో పని లేకుండా ఏరియేటర్లు చేత్తో వేశాను. వాళ్లిద్దరి ముందే జరిగింది చెప్పాను. మూడో గుర్తు పెట్టాను. ఉప్పుగాలి తగలకుండా కొత్త వైరును గొట్టం లోపలి నుంచి వేశాను. అంకె రాకపోతే ఫోన్ మోగేలా చేసి, అలా మోగినప్పుడు మెయిన్ స్విచ్ ఆపకుండా ఎవరూ దిగొద్దన్నాను. చివరికి, మోగుతుందో లేదో చూడమని వైరును ఆమెనే పీకమన్నాను.

పీకింది. ఫోన్ మోగింది. "మీట నుంచి కబురు లేదు."

ఆమె గుంటకేసి చూసింది. "ఇంకోసారి" అంది. వైరు మళ్లీ తగిలించి ఆమె చేతికిచ్చాను.