నీళ్ళు ఆగినా ఆగని రంపం

నంద్యాలలో రాళ్ళు కోసే యంత్రాలకు కంట్రోల్ బోర్డులు చేసే షెడ్డులో రేష్మాది ఆరేళ్ళ పని. పాలిటెక్నిక్ చదివింది. ఆమె పైఅధికారి ప్రభాకర్ హైదరాబాదులో రెండేళ్ళు కొలువు చేసి వచ్చాడు. ఆ రెండేళ్ళను రోజుకు నాలుగుసార్లు తలవందే ఆయనకు టీ గొంతు దిగదు. అంత గొప్పోడికి ఈ రేకుల షెడ్డులో పనేందో రేష్మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కించే నాగేశ్వరమ్మ వీళ్ళ దగ్గర కోతయంత్రం తీసుకుంది. నెల తిరక్కముందే ఒక రాయి నిలువునా పగిలింది. కోసేటప్పుడు వేడెక్కకుండా రంపం మీద నీళ్ళు పడుతుండాలి. ఆగితే సెన్సర్ పసిగట్టి వెంటనే మోటారు ఆపించాలి. ఆపలేదు. ముక్క ఎగిరి తగిలి ఆమె మోచేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

ప్రభాకర్ కదలకుండానే తీర్పు చెప్పేశాడు: "చదువులేని మనిషి. ఏదో తప్పు మీట నొక్కింటాది."

రేష్మా ల్యాప్‌టాప్ తీసుకుని ఆళ్ళగడ్డకు బస్సెక్కింది.

"నేను మీటే ముట్టలేదు పాపా," అంది నాగేశ్వరమ్మ కట్టు కట్టిన చెయ్యి చూపి. "నీళ్ళు ఆగినాయి. తెరమీద ఏందో రాస్తానే ఉంది, రంపం తిరుగుతానే ఉంది."

రేష్మా అక్కడే ల్యాప్‌టాప్ పెట్టి, సెన్సర్ కోసం ప్రభాకర్ రాసిన డ్రైవర్ కోడు తెరిచింది. సెన్సర్ పిలవగానే ప్రాసెసర్ చేస్తున్న పని వదిలి పరుగెత్తి వచ్చే చిన్న ప్రోగ్రామ్ అందులో ఉంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ అంటారు. చేయాల్సింది క్షణంలో చేసి తప్పుకోవాలి. ప్రభాకర్ దాన్నే గుమాస్తాను చేశాడు: ముందు తెరమీద అక్షరం అక్షరంగా హెచ్చరిక, తర్వాత మెమరీ కార్డులో తేదీతో సహా నమోదు, చిట్టచివర మోటారుకు ఆజ్ఞ. అది ముగిసేదాకా వేరే పిలుపులు వినపడవు. ఇల్లు తగలబడుతుంటే అర్జీ రాసుకునే మనిషి, అనుకుంది రేష్మా.

మోటారు ఆపడం మొదటికి తెచ్చింది. హ్యాండ్లర్‌లో రాయాల్సింది ఉందని ఒక్క గుర్తు పెట్టించి, రాతపనంతా తర్వాత తీరిగ్గా నడిచే వేరే పనికి తోసేసింది. కోడు బోర్డులోకి ఎక్కించి నీళ్ళ గొట్టం నొక్కి పట్టింది. రంపం వెంటనే ఆగింది.

మర్నాడు నంద్యాలలో యజమాని అబ్దుల్ రహిమాన్ ముందు ప్రభాకర్ గొంతు సవరించుకున్నాడు. "నాది పెద్ద డిజైన్. నీకు అంతు చిక్కదులే."

"అవునన్నా, నాకు చిక్కలేదు. రంపానికీ చిక్కలేదు," అంది రేష్మా.

రహిమాన్ పాత కోడున్న బోర్డు, కొత్త కోడున్న బోర్డు రెండింటికీ తన చేత్తోనే గొట్టం నొక్కి చూశాడు. పాతదానికి మోటారు ఆగేసరికి రెండు సెకన్లు దాటింది.

"ఆళ్ళగడ్డకు పో ప్రభాకర్. తప్పెవరిదో ఆయమ్మకు నువ్వే చెప్పల్ల," అన్నాడు. ఆ వారంలోనే అమ్మిన యంత్రాలన్నింటికీ రేష్మా కోడు ఎక్కింది.

నాగేశ్వరమ్మ షెడ్డులో ప్రభాకర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సిస్టంలో చిన్న లోపం జరిగిందమ్మా."

"ఆ సిస్టం పేరేందప్పా?"

ప్రభాకర్ సాయం కోసం యంత్రం దగ్గరున్న రేష్మా వైపు చూశాడు. ఆమె తలెత్తకుండా బోర్డు స్క్రూలు బిగించుకుంటూ ఉంది.