జామాయిల్ తోటలో ఆమె నడిచిన వరుస

చెల్పూర్ దాటాక ఉండే జామాయిల్ తోటలో, రంపం మిషన్లతో చెట్లు కోస్తున్న మనుషులను ఒక్క కేకతో వారం రోజులు ఆపినవాణ్ణి నేను. ఈ మాట చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

ఆ తోట కాగితం మిల్లు కోసం పెంచే కలప. మాకు మాత్రం అదే పార్కు. పొద్దున నడిచేవాళ్లు, సెలవునాడు క్రికెట్ ఆడేవాళ్లు, కార్తీకంలో గిన్నెలతో దిగే కుటుంబాలు. ఎవరూ వద్దనలేదు. అది పంట అన్న సంగతే మరిచిపోయాం.

పక్షవాతంతో నా భార్య కుడికాలు పట్టు తప్పింది. దవాఖానలో నడిపించమన్నారు. చేతికర్ర ఇస్తే విసిరికొట్టింది. తోటకు తీసుకుపోతే మాత్రం, ఒక చెట్టు పట్టు వదిలి, ఆసరా లేకుండా రెండడుగులు వేసి, తర్వాతి చెట్టును అందుకుంది.

ఆ రోజే ఒక వరుస చూపించి, "గీ సాలు కాలువ గట్టుదాంక నడిస్తె, ఘన్‌పూర్ల మా తమ్మునింటికి ఒక్కదాన్నే బస్సెక్కి పోత" అంది.

చలి తగ్గేసరికి సగం దాటింది. అప్పుడే రంపాలు వచ్చాయి. చుట్టూ వరుసలు పడిపోతూ, జలుబు మందు లాంటి ఆ ఆకుల వాసన గొంతులో నిలిచేది. ఒక పొద్దున ఆమె వరుస పక్కదాకా వచ్చేశారు.

మేస్త్రీ దగ్గరికి పోయాను. కేక వేయలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను.

"తమ్మీ, గీ సాలు జర ఆఖరుకు కొయ్యుర్రి. మా ముసలామె నడుస్తది దీంట్ల."

అతను ఆమెవైపు తిరిగాడు. "ఏందవ్వా, బాపు నిన్ను ముసలామె అంటుండు."

"ఆయనకు కండ్లు కనవడయి బిడ్డా."

బెరడు ఒలుస్తున్న ఆడవాళ్లు తమ తండా భాషలో ఏదో అనుకుని నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు.

"మాపటికి లారీ వస్తది బాపూ. గప్పటిదాంక ఆపుత."

వారం కాదు, ఒక పూట.

ఆమె నడక మొదలుపెట్టింది. నీడ ఇచ్చే పక్క వరుసలు లేవు. ఎండ నేరుగా తల మీద పడుతోంది. ఈడ్చిన కాలు ఎండుటాకుల్లో గీత గీసుకుంటూ పోయింది. నేను వెనక నడిచాను. కాలువ గట్టు చేరాక చివరి చెట్టును అరచేత్తో తట్టింది.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది.

"ఆఖరు చెట్టును నేనెప్పుడు తట్టిన? ఇంక కొన్ని చెట్లున్నయనంగనే కూలవడ్డ. నువ్వే లేవట్టినవ్. గందుకే గదా, ఇయ్యాల్టికీ తమ్మునింటికి నిన్ను ఎంటవెట్టుకొని పోవుడు. గా మాట కొట్టేసి, అయింది అయినట్టు రాయి."